పొరుగువారి యొద్ద చదువు: హల్ హౌసు చరిత్రము

విద్య యిచ్చువాడు గురువు, పుచ్చుకొనువాడు శిష్యుడు అనుట లోకవ్యవహారము. సేవ విషయమునను ఇట్టి విభాగమే మన మనస్సులలో నాటుకొని యున్నది. చేయువాడు పెద్ద, చేయించుకొనువాడు చిన్న. ఒకడు నేర్పును, మరియొకడు నేర్చుకొనును. ఈ తలంపు ఎంత పొరపాటైనదో మాకు మొదట తెలిసినది పుస్తకములవలన గాదు, ఒక ఇటుక బట్టీయొద్ద.

రెండేండ్ల క్రిందట మేము పైతరగతుల విద్యార్థులను ఇరువదిమందిని వెంటబెట్టుకొని ఊరికి వెలుపలనున్న ఇటుక బట్టీకి పోయితిమి. అచట పనిచేయువారు ఒడిశాలోని పశ్చిమపు జిల్లాలనుండి ఏటేట చలికాలమున వచ్చి, తొలకరికి ముందు మరలిపోవు కుటుంబములవారు. మేము పారిశుద్ధ్యమునుగూర్చి ఉపన్యాసము వ్రాసికొని పోయితిమి. భోజనమునకు ముందు చేతులు సబ్బుతో కడుగుకొనవలెనని మా విద్యార్థులు చక్కని తెలుగున బోధించిరి, పటములు చూపిరి, కూడినవారు తలలూపిరి. మేమును సంతోషించితిమి. తిరిగి వచ్చుచుండగా పదవతరగతి బాలిక యొకతె మాప్రక్కకు వచ్చి, “మాస్టారూ, వాళ్లకు తెలుగు రాదండీ. అక్కడ కుళాయి కూడా లేదండీ. రోడ్డు దాటి బిందెలతో తెచ్చుకుంటున్నారు” అని మెల్లగా ననెను. గంటసేపు బోధించినవారిలో ఒక్కరమును నీరెక్కడ నున్నదని అడుగలేదు.

నాటి సిగ్గు మమ్ము చాలదినములు వదలలేదు. ఆ సిగ్గుతోనే, పూర్వము పరీక్షకొరకు మాత్రము చదివిన యొక చరిత్రమును మరల తీసి చదివితిమి. అది అమెరికాలోని చికాగో నగరమున 1889వ సంవత్సరమున నెలకొన్న యొక యింటి కథ. దానిపేరు హల్ హౌసు. ఉన్నతవిద్య ముగించిన ధనికుల బిడ్డలు బీదల పేటలో కాపురముండి, వారికి నేర్పబోయి, వారియొద్ద నేర్చుకొనిన వృత్తాంతము. సేవాశిబిరములకు బిడ్డలను పంపుచున్న తలిదండ్రులకును, పంపించుచున్న మావంటి ఉపాధ్యాయులకును ఇందు తెలిసికొనదగిన విషయములు పెక్కు గలవు.

ఆ యింటిని స్థాపించిన జేన్ ఆడమ్స్ ఇల్లినాయ్ రాష్ట్రమందలి సీడర్‌విల్ అను చిన్న యూరిలో 1860వ సంవత్సరమున జన్మించెను. తండ్రి మిల్లు యజమానుడు, రాష్ట్ర శాసనమండలి సభ్యుడు, అబ్రహాము లింకనునకు పరిచితుడు. ఆడుబిడ్డలకు కళాశాలవిద్య అరుదైన దినములలో ఆమె రాక్‌ఫర్డ్ విద్యాలయమున చదివి 1881లో చదువు ముగించెను. ఆ సంవత్సరమే తండ్రి మరణించెను. వైద్యవిద్యకై ఫిలడెల్ఫియాకు పోయెను గాని వెన్నెముక వ్యాధిచే దానిని విడువవలసి వచ్చెను. అటుపిమ్మట ఎనిమిదేండ్లు ఆమెకు పనిలేదు. ధనమున్నది, విద్యయున్నది, హృదయమున్నది. ఆ మూటిని వినియోగించు మార్గము మాత్రము లేదు. చదివించిన కుటుంబమే చదువు ముగిసిన కూతురు ఇంట ఊరక కూర్చుండవలెనని కోరును. ఇట్టి దుస్థితి మన యిండ్లలోను అపరిచితమైనది కాదు.

1883లో ఆమె ఐరోపా యాత్రకు పోయి లండను నగరమున నొక దృశ్యము చూచెను. శనివారము రాత్రి, తూర్పు లండనులో, సోమవారము దాక నిలువక కుళ్లిపోవు కూరగాయలను పండ్లను వేలము వేయుచుండిరి. చింకిబట్టల జనము దీపపు వెలుగున చేతులు పైకెత్తి కాసులకు పాట పాడుచుండెను. ఒకడు తనకు దక్కిన క్యాబేజీని అక్కడనే చతికిలబడి పచ్చిగా, కడుగకయే, కొరికి తినెను. ఆమె యాత్రికులతోకూడ గుఱ్ఱపు బండి పైయంతస్తున కూర్చుండి దీని నంతయు చూచుచుండెను. ఆ క్షణమున ఆమెకు తోచినదేమి? డిక్విన్సీ అను ఆంగ్లరచయిత వ్రాసిన యొక ఘట్టము. టపాబండి వేగముగా పోవుచుండగా త్రోవలో నొక జంట అడ్డముగా నున్నది; అరచి హెచ్చరింపవలసిన రచయిత, హోమరు కావ్యమున ఎకిలీసు వేసిన గొప్పకేక వర్ణనము సరిగా జ్ఞప్తికి వచ్చుదాక నోరు మెదపలేకపోయెనట. ఆకలిగొన్నవాని యెదుట తనకు ఈ పుస్తకపుమాట స్ఫురించుటయే తన చదువునకు పట్టిన రోగమని ఆమె గ్రహించెను. కండ్లకును లోకమునకును నడుమ సాహిత్యము తెరవలె నిలిచినది.

ఈ మాట చదివినప్పుడు మాకు మావిషయమే చెప్పినట్లుండెను. మేమును సంస్కృతకావ్యములతో పెరిగినవారము. అకాలమున మబ్బు పట్టినచో మాకు మేఘసందేశము జ్ఞప్తికి వచ్చును. ఆ మబ్బే కురిసి, ఆరబెట్టిన పచ్చి యిటుకలను బురద చేసి, ఇటుకల లెక్కకు కూలి పుచ్చుకొను కుటుంబముయొక్క కష్టమును నీళ్లపాలు చేయునని జ్ఞప్తికి రాదు. కాళిదాసు దోషము కాదది, మా దోషము.

1888వ సంవత్సరమున ఆమె మరల లండనునకు పోయి టాయిన్బీ హాలును దర్శించెను. అది తూర్పు లండనులోని వైట్ చాపెల్ పేటలో శామ్యూల్ బార్నెట్ అను మతాచార్యుడును, ఆయన భార్య హెన్రియెటాయును 1884లో నెలకొల్పిన నివాసము. ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి విద్యార్థులు చదువు ముగించి వచ్చి యచట కాపురముండి, పగలు తమ పనులు చూచుకొనుచు, తక్కిన వేళలయందు పేటవారితో కలసి మెలసి యుండెడివారు. దూరమునుండి చందాలు పంపుట గాదు, వారానికొకమారు వచ్చి పోవుటయు గాదు, పొరుగున నుండుట. ఇదియే ఆ యేర్పాటునందలి క్రొత్తదనము. తరువాతి కాలమున ఇంగ్లండునందు సంక్షేమవ్యవస్థకు పథకము వ్రాసిన విలియం బెవరిడ్జ్, దానిని అమలుపరచిన ప్రధాని క్లెమెంట్ ఆట్లీ, ఇరువురును యౌవనమున ఆ యింట పనిచేసినవారే.

ఆడమ్స్ స్వదేశమునకు మరలి, స్నేహితురాలు ఎలెన్ గేట్స్ స్టార్‌తో కలసి, చికాగోలోని హాల్‌స్టెడ్ వీధిలో ఒకప్పుడు చార్లెస్ హల్ అను ధనికుడు కట్టించుకొనిన పాతమేడను తీసికొని, 1889 సెప్టెంబరు 18వ తేదీన గృహప్రవేశము చేసెను. చుట్టుప్రక్కల పేట యెట్టిదనగా, ఆ వీధికిని నదికిని నడుమ నేపుల్సు, సిసిలీ, కలాబ్రియా ప్రాంతముల ఇటాలియనులు పదివేలమంది, దక్షిణమున జర్మనులు, ప్రక్కసందులలో పోలండు రష్యాలనుండి తరలి వచ్చిన యూదులు, ఆవల బొహీమియనులు, ఉత్తరమున ఐరిషువారు. తరువాత గ్రీకులు వచ్చిరి. 1895లో ఆ యింటివారు ప్రకటించిన గ్రంథమున, వారు పరిశీలించిన చిన్న పేటలోనే పదునెనిమిది జాతులవారు నివసించుచుండినట్లు లెక్క తేలినది. ఒకరి భాష యొకరికి రాదు. ఒకరి తిండి యొకరికి గిట్టదు. ఇంతమందికిని ఉమ్మడిగా నున్నవి బురదవీధులు, మురికికాలువలు, తక్కువకూలి.

మొదటి రాత్రి ఆ స్త్రీలు ప్రక్కవీధి తలుపు మూయుట మరచి నిద్రించిరి. తెల్లవారి చూడగా తలుపు బార్లా తెరచియే యున్నది; ఒక్క వస్తువును పోలేదు. బీదల పేట యనగా దొంగల పేట యని భయపెట్టిన బంధువుల మాటకు పొరుగువారు తెలియకయే చెప్పిన సమాధానమది. వారు నేర్చిన మొదటి పాఠము కూడ నదియే.

రెండవపాఠము మొదటి క్రిస్మసునాడు దొరకెను. ఇంటివారు పిల్లలందరికి మిఠాయి పంచుచుండగా కొందరు చిన్నబాలికలు వలదని చేయి వెనుకకు తీసిరి. ఇది బిడియమో మర్యాదయో యని ఇంటివారు బ్రతిమాలిరి. తాము మిఠాయి కార్ఖానాలో పనిచేయుచున్నామనియు, దానిని చూచుటకే ఓర్వలేమనియు ఆ పిల్లలు చెప్పిరి. పండుగకు ముందు ఆరువారములు ఉదయము ఏడుగంటలనుండి రాత్రి తొమ్మిదిగంటలవరకు వారు పనిచేసిరట. పట్టణములోని సంపన్నుల బిడ్డల నోళ్లు తీపి చేయుటకు ఈ పిల్లల బాల్యము చేదైనది. ఏ అర్థశాస్త్ర గ్రంథమును ఈ సంగతి నింత స్పష్టముగా చెప్పజాలదు. ఇంతటి సంగతియు, వారి చేతిలో మిఠాయి పెట్టబోయినప్పుడుగదా తెలిసినది!

మూడవది తిండి విషయము. పేటలోని స్త్రీలు పగలెల్ల కుట్టుపనిచేసి, వంటకు తీరిక లేక పిల్లలకు డబ్బాలలోని తిండ్లు కొని పెట్టుచుండిరి. దీనిని చూచి హల్ హౌసువారు పోషకశాస్త్రము చదివిన నిపుణుల ఏర్పాట్ల ననుసరించి యొక సాధారణ పాకశాల తెరచిరి. బలమునిచ్చు చారులను లెక్కప్రకారము కాచి, చౌకగా అమ్మజూపిరి. అమ్మకము స్వల్పమాయెను. ఏల కొనరని యడుగగా నొక స్త్రీ, బలమిచ్చునని చెప్పి యేదో తినుట తన కిష్టము లేదనియు, తనకు నచ్చినదే తినుట తన కిష్టమనియు దాపరికము లేక చెప్పెను. చదువరులు నవ్వుకొందురేమో గాని ఇందు గొప్ప న్యాయమున్నది. తిండియనగా బలము మాత్రమే కాదు. పుట్టినయూరు, తల్లిచేయి, పండుగదినములు అందులో కలసియుండును. గోంగూర పచ్చడికి బదులు దానియందలి ఇనుమును మాత్రలో నిచ్చెదమనిన మన మొప్పుకొందుమా? ఇంటివారు ఈ మాటకు కోపగింపలేదు. పేటలోని వారివారి రుచులు విచారించి కాఫీశాలగా దానిని మార్చిరి; జనము రాసాగెను.

మరియొకనాటి సత్కారసభలో ఎఱ్ఱగులాబీలను చూచి దక్షిణ ఇటలీ స్త్రీ యొకతె, ఇవి మా దేశమునుండి ఇంత తాజాగా నెట్లు తెచ్చిరని ఆశ్చర్యపడెను. అవి చికాగోలోనే పూచినవనిన నామె నమ్మలేదు. ఆరేండ్లనుండి యచటనే యున్నాను గాని ఒక్క గులాబీని చూడలేదనెను. పూలయంగడి ఆమె యింటికి పది వీధుల దూరముననే యున్నది. ఒకే నగరమున రెండు లోకములు ప్రక్కప్రక్కన నుండియు నొకదాని నొకటి యెరుగవు.

ఇంతవరకు చెప్పిన పాఠములు ఇంటివారికి సిగ్గు కలిగించినవేగాని ప్రాణహాని చేయలేదు. ఇక చెప్పబోవునది వేరు. 1893లో అమెరికాయందు ఆర్థికసంక్షోభము కలిగి, చికాగోలో వేలకొలది జనము పనులు పోగొట్టుకొనిరి. ఆ చలికాలమున సరుకుల రవాణా గుమస్తాగా నుండి పని పోయిన యొక గృహస్థుడు సహాయమడుగ వచ్చెను. పని దొరకు చోటుండగా నూరక సహాయము చేయరాదని ధర్మసంస్థల నియమము. నగరపు కాలువ త్రవ్వకములో పని దొరకును గనుక మొదట దానికి పోవలెనని ఆడమ్స్ చెప్పెను. తాను ఎల్లప్పుడు గదిలోపలనే పనిచేసినవాడ ననియు, చలిలో బయటిపని తన దేహము తాళదనియు ఆయన యొకమారు చెప్పుకొనెను. ఆమె నియమమును వివరించెను. ఆయన మారుపలుకక పోయి రెండుదినములు కాలువ త్రవ్వి, ఊపిరితిత్తుల జ్వరము తగిలి, వారమునకు మరణించెను.

ఆయన విడిచిపోయిన ఇద్దరు బిడ్డలను ఆడమ్స్ తరువాత ఎన్నడును కనుమరుగు చేసికొనలేదు. వారిని చూచినప్పుడెల్ల తన యపరాధము తలచుకొనెడిది. పదునారేండ్లు గడచిన తరువాత తన చరిత్రమును వ్రాయునప్పుడు ఆమె ఈ సంగతిని దాచలేదు. మనుష్యజీవితమును కట్టుదిట్టపు నియమములతో నడపజాలమనియు, ఒకని కష్టమును తీర్చు వివేకము వాని బ్రతుకును అలవాట్లను సమగ్రముగా నెరిగినప్పుడే కలుగుననియు తాను దీనివలన నేర్చుకొంటినని యొప్పుకొనెను. దానము చేయువాడు లజ్జతో, వివేకముతో చేయవలెనని తైత్తిరీయోపనిషత్తులో గురువు చదువు ముగించి పోవు శిష్యునకు చెప్పును. ఇచ్చుటలో సిగ్గుపడవలసిన దేమున్నదని బాల్యమున మేము మా గురువుగారి నడిగితిమి. ఆయన చెప్పిన సమాధానము మాకప్పుడు తెలియలేదు. ఈ గుమస్తా కథ చదివినప్పుడు తెలిసినది. పుచ్చుకొనువానిని గూర్చి మన మెరిగినది మిక్కిలి తక్కువ యనుటయే ఆ సిగ్గునకు కారణము.

ఈ యనుభవముల ఫలముగా ఇంటివారి రీతి మారినది. తాము ఇచ్చునదేమి యని గాక, పొరుగువారి యొద్ద నున్నదేమి యని చూడనారంభించిరి. ఒకనాడు ఆడమ్స్ వీధిన పోవుచు, ఇటలీ వృద్ధురాలొకతె తన గుమ్మమున కూర్చుండి కదురుతో నూలు వడకుచుండుట చూచెను. ఈ వృద్ధుల చేతులలో ఎన్నో దేశముల పనితనము దాగియున్నదని ఆమెకు తట్టెను. 1900వ సంవత్సరమున హల్ హౌసులో కార్మికప్రదర్శనశాల తెరువబడెను. సిరియా, గ్రీసు, ఇటలీ, రష్యా, ఐర్లండు దేశముల స్త్రీలు తమతమ రీతుల నూలు వడకి చూపుచుండిరి. అన్ని దేశములయందును కదురు ఇంచుమించు నొకటియే యని చూచువారికి తెలియుచుండెను.

అచట జరిగిన యొక చిన్నసంగతి చెప్పకుండ విడువలేము. ఆంజెలీనా యను ఇటాలియను బాలిక శనివారములందు వంటతరగతికి వచ్చును. అదేవేళకు తల్లి నూలు వడకి చూపుటకు వచ్చును. తలకు గుడ్డ కట్టుకొని, మోటుబూట్లు, పొట్టిలంగా తొడిగిన యా ముసలిదాని కూతురినని యెవరైన ననుకొందురని సిగ్గుపడి, బాలిక తల్లిని పెద్దవాకిట విడిచి తాను ప్రక్కవాకిట ప్రవేశించెడిది. ఒకనాటి సాయంకాలము విద్యాకళాశాలనుండి వచ్చిన పెద్దలు తల్లిచుట్టు మూగి ఆమె పనితనమును మెచ్చుకొనుచుండిరి. వారి మాటలు విన్న బాలిక, కదురు పట్టుటలో అమెరికాయంతట తన తల్లిని మించినవారు లేరని నిశ్చయించుకొని, అది నిజమాయని ఆడమ్సును అడిగెను. ఆడమ్స్ ఆ తల్లి పుట్టిన ఇటలీపల్లెను, అచటి జీవనమును, అన్నియు విడిచి పరదేశమునకు వచ్చిన కష్టమును వివరించెను. తరువాత ఆ బాలిక, మంచముక్రింది పెట్టెలో దాచియుంచిన తల్లి చేతినేత వస్త్రములను బయటికి తీయనిచ్చెను. తల్లి వచ్చు వాకిటనే తానును రాసాగెను.

ఇంగ్లీషు చదివిన కొడుకు తండ్రి పంచకట్టును చూచి సిగ్గుపడుట, పట్టణమున చదువు కూతురు తల్లి యాసకు నోరు మూయించుట మన మెరుగనివి కావు. పరులయెడ గౌరవము నేర్పుచున్నామని చెప్పుకొను విద్య, తనవారియెడ నున్న గౌరవమును తీసివేసినచో దాని ఫలమేమి?

పొరుగువారినిగూర్చి తెలిసికొనుట సానుభూతితో నిలిచిపోలేదు. పేటలోని కార్ఖానాలో నొకే యంత్రమునకు ముగ్గురు బాలురు గాయపడిరి, ఒకడు మరణించెను. కొద్ది డాలర్ల వెలగల కాపుపలక బిగించినచో ఆ ప్రమాదము తప్పెడిది. యజమానులు తమవలెనే దుఃఖింతురని ఇంటివారు నమ్మి పోయిరి, వారేమియు చేయలేదు. అప్పుడు దయ చాలదు, చట్టము కావలెనని వారు గ్రహించిరి. ఆ యింటనే నివసించుచుండిన ఫ్లోరెన్స్ కెలీ ఇంటింటికి పోయి కూలిలెక్కలు, పనిగంటలు సేకరించెను. 1893లో ఇల్లినాయ్ రాష్ట్రము పదునాలుగేండ్లలోపు పిల్లలను కార్ఖానాలలో పెట్టరాదని చట్టము చేసి, కెలీనే ముఖ్య పర్యవేక్షకురాలిగా నియమించెను. సమీపమున నొక పాఠశాలలో ఉపాధ్యాయినిగా నుండి హల్ హౌసునకు వచ్చి పనిచేసిన ఫ్రాన్సిస్ పెర్కిన్స్, 1933లో అమెరికా మంత్రివర్గమున చేరిన మొదటి స్త్రీయై కార్మికశాఖ వహించెను; దేశమంతటను కార్ఖానాలలో బాలలపనిని నిషేధించిన 1938వ సంవత్సరపు చట్టము ఆమె కాలముననే వచ్చినది. మిఠాయి వలదన్న పిల్లల మాట శాసనగ్రంథములకు చేరుటకు దాదాపు అర్ధశతాబ్దము పట్టినది.

ఇట్లని ఆ యిల్లు దోషరహిత మనరాదు. చరిత్రము వ్రాయువాడు స్తోత్రపాఠకుడు కారాదు. ఐరోపానుండి వచ్చినవారిని ఆదరించిన ఆ యింట నల్లజాతివారికి చాలకాలము తగినంత చోటు దొరకలేదు. దీని ఫలము ఆడమ్స్ రచనయందే కనబడినది. దక్షిణరాష్ట్రములలో తెల్లవారి గుంపులు నల్లవారిని విచారణ లేక చంపుచుండిన దారుణమును ఖండించుచు ఆమె 1901లో నొక వ్యాసము వ్రాసెను. ఖండనము తీవ్రమైనదే, కాని చంపబడినవారు నేరము చేసినవారే యను గుంపులమాటను ఆమె వాదమునకై యొప్పుకొని వ్రాసెను. చికాగోలోనే యున్న ఐడా బి. వెల్స్ ఆ సంవత్సరమే ప్రత్యుత్తరము వ్రాసెను. వెల్స్ బానిసత్వమున పుట్టి, ఉపాధ్యాయినియై, పత్రికారచయిత్రియై, తన మిత్రులే 1892లో మెంఫిస్ నగరమున గుంపుచేత చంపబడగా ఆ పాపమును వెల్లడించుటకు జీవితము ధారపోసిన స్త్రీ. చికాగో పత్రికయే ఏటేట ప్రకటించు పట్టికలను చూపి, చంపబడినవారిలో ఎక్కువమందిపై ఆ నేరము మోపనైన లేదని ఆమె లెక్కతో నిరూపించెను.

ఇటాలియను తల్లి కదురులోని గొప్పతనమును కనిపెట్టగలిగిన ఆడమ్స్, ఈ విషయమున నేల తప్పెను? ఇటాలియనులు ఆమె పొరుగువారు, వీరు కారు. పొరుగున నున్నవారివలన నేర్చినది దూరపువారి విషయమున దానంతట రాదు. ఉదారహృదయము గలవారికిని, ఎరుగనివారినిగూర్చి లోకము చెప్పుమాటయే నిజమని తోచును. ఇరువురును శత్రువులు కాలేదు. 1909లో నల్లజాతివారి హక్కులకై జాతీయసంఘమును స్థాపింప పిలుపునిచ్చినవారిలో ఇద్దరి పేర్లును గలవు. ఒకరు తప్పు చూపుట, మరొకరితో కలసి పనిచేయుట, ఈ రెంటికిని విరోధము లేదు.

జేన్ ఆడమ్సునకు 1931లో నోబెల్ శాంతిబహుమతి వచ్చెను. 1935లో ఆమె మరణించెను. విశ్వవిద్యాలయపు కట్టడములకై 1963లో హల్ హౌసు భవనములు చాలవరకు పడగొట్టబడినవి. మొదటి మేడ ప్రదర్శనశాలగా నిలిచియున్నది. ఆ పేర నడచిన సేవాసంఘము ధనము చాలక 2012లో మూతపడెను. పేట పోయి విశ్వవిద్యాలయము వచ్చిన ఆ స్థలమున నేడు చదువువారిలో మన తెలుగు విద్యార్థులును గలరు.

చికాగోలో చదివి బొంబాయికి వచ్చి నాగ్‌పాడా పేటలో ఇట్టి పొరుగునివాసమును నడపిన క్లిఫర్డ్ మాన్షార్ట్ మూలముగా ఈ పద్ధతి మన దేశమునకును వచ్చినది. 1936లో టాటావారి ధర్మనిధితో ఆయన ఆధ్వర్యమున సంఘసేవావిద్యాలయము స్థాపితమైనది. తరువాత, మహాత్మాగాంధి శతజయంతి సంవత్సరమైన 1969లో, 37 విశ్వవిద్యాలయములందు 40,000 విద్యార్థులతో జాతీయ సేవాపథకము ప్రారంభమైనది. నేడు మన బిడ్డలు శిబిరములకు పోవుట దానివలననే. పోవుచున్నారు, చీపురు పట్టుచున్నారు, మొక్కలు నాటుచున్నారు, ఛాయాపటములు దిగుచున్నారు. మేలే. కాని ఎవరి వీధి నూడ్చిరో వారితో కూర్చుండి మాటలాడినవారెందరు?

మా ఇటుక బట్టీ సంగతి ముగించి విరమింతుము. మరుసటియేడు మేము ఉపన్యాసము వ్రాసికొనలేదు. నెలకు రెండు ఆదివారములు పోయి కూర్చుంటిమి. మొదట మా విద్యార్థులు ఆ పిల్లలయొద్ద ఒడియా మాటలు నేర్చుకొనిరి. ఉచ్చారణ చెడినప్పుడెల్ల ఆ పిల్లలు పకపక నవ్విరి. అంతవరకు వారు నవ్వుట మేము చూచియుండలేదు. వారిలో పండ్రెండేండ్ల బాలుడు తమ ఊరి బడిలో ఐదవతరగతి చదివినాడనియు, ఇచట తెలుగుబడిలో కూర్చుండి యేమియు తెలియక మానినాడనియు అప్పుడు తెలిసినది. చదువునందు శ్రద్ధలేని జాతియని అంతకుముందు మేమే యింట చెప్పియుంటిమి. పాలమూరునుండి మన తెలుగు కూలీలు తరతరములుగా దూరదేశములకు కాలువలు త్రవ్వ, ఆనకట్టలు కట్ట పోయినారుగదా. వారి బిడ్డలనుగూర్చియు నచట నెవరో ఉపాధ్యాయుడు ఇట్లే యనుకొని యుండును.

కుళాయికై పంచాయతీవారి చుట్టు తిరిగితిమి. అది వేసవి చివర వచ్చినది. పది దినములకే ఆ కుటుంబములు స్వస్థలమునకు పోయినవి. ఈయేడు వచ్చినవారు వేరు. కనుక మేము సాధించినది గొప్పదని చెప్పుకొనుటకు వీలులేదు. ఒక్క మార్పు మాత్రము చేసితిమి. పూర్వము మా విద్యార్థుల సేవాపుస్తకమున మొదటి గడికి “నేర్పినది” యని పేరుండెను. దానిని కొట్టివేసి “అడిగినది” యని వ్రాయించితిమి. నీళ్లసంగతి చెప్పిన యా బాలికయే దానిని మొట్టమొదట నింపినది.

చదువరులారా, మీ కుమారుడో కుమార్తెయో సేవచేసి యింటికి వచ్చినప్పుడు, ఎంతమందికి సహాయము చేసితివని యడుగకుడు. వారిలో నొకరి పేరు చెప్పుమనుడు. వారేమి తినిరో, ఏ యూరివారో, నిన్నేమని పిలిచిరో చెప్పుమనుడు. చెప్పలేకపోయిన కోపపడవలదు. మరల పంపుడు.